అత్తయ్యగారి టికెట్ మీద పేరు

మూడేళ్ళుగా మిలాన్ కథ అందరూ చెప్పారు, నేను తప్ప. మా తోడల్లుడుగారు తమ చర్చిలో థ్యాంక్స్‌గివింగ్ భోజనాల దగ్గర, చేతిలో ప్లేటు పట్టుకుని, హాలంతా నవ్వేలా చెప్పారు. మా వదినగారు చెప్పారు. చివరికి నా భార్య కూడా, పక్క గదిలో నేనున్నానని తెలిసీ, ఫోన్లో స్నేహితురాలికి చెప్పింది. నేను నోరు తెరిచిన ప్రతిసారీ ఎవరో ఒకరు పెరుగు గిన్నె ఇటు అందించమన్నారు, లేదా ప్రార్థన చేసుకుందామన్నారు. ప్రార్థన మొదలయ్యాక ఎవరు మాట్లాడగలరు? అందుకని రాస్తున్నాను. రాసేటప్పుడు పెరుగు గిన్నె ఎవరూ అడగరు.

తోడల్లుడుగారు చెప్పే కథ ఇది. "మా తమ్ముడు ఇటలీ వెళ్ళి ధర్నా చేశాడండీ! తలుపు దగ్గరున్న ఆవిడతో గొడవ. ఆవిడకి ఇంగ్లిష్ రాదు, వీడికి ఇటాలియన్ రాదు. వీడి ఆర్గ్యుమెంట్ అయ్యేసరికి టైమ్ అయిపోయింది. పాపం, అత్తయ్యకి బొమ్మ దక్కలేదు." ఇక్కడ అందరూ నవ్వుతారు. ఎవరో నా భుజం తడతారు. ఆ రోజు ఆ చర్చి హాల్లో నా భుజం తట్టినాయన పేరు నాకు తెలియదు గాని మొహం గుర్తుంది. చేతికి అంటిన పులుసు నా చొక్కాకి రాసి వెళ్ళాడు.

ఆ కథలో నిజం ఒక్కటే. అత్తయ్యగారికి బొమ్మ దక్కలేదు. మిగతాది ఎలా జరిగిందో చెబుతాను.

మేము న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. నేను, నా భార్య, మా అమ్మాయి. నా భార్య అక్కగారూ ఆవిడ భర్తా టెక్సస్‌లో, ఫ్రిస్కోలో సొంత ఇంట్లో ఉంటారు. ఆయన అక్కడి తెలుగు చర్చిలో పెద్ద. వయసులోనూ పెద్ద కాబట్టి నేను అన్నయ్యగారూ అంటాను, ఇప్పటికీ అంటాను. అత్తయ్యగారు కోస్తాలో ఒక గవర్నమెంటు బళ్ళో ముప్పై ఏళ్ళు టీచరుగా చేసి రిటైరయ్యారు. పెద్దకూతురు సిటిజన్ కాబట్టి గ్రీన్ కార్డు మీద వచ్చారు. ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు మా దగ్గర ఉంటారు.

మా వైపు క్రైస్తవుల ఇళ్ళలో ముందు గదిలో ప్రభువు రాత్రి భోజనం పటం ఉంటుంది. పొడుగాటి బల్ల, మధ్యలో ఆయన, అటు ఆరుగురు, ఇటు ఆరుగురు. అత్తయ్యగారి ఇంట్లోనూ ఉండేది. ఒకసారి మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు కోసం లాప్‌టాప్‌లో ఏదో చూస్తూ, "అమ్మమ్మా, ఇది మీ ఇంట్లో పిక్చర్ కదా? ఇది ఒరిజినల్‌గా ఒక వాల్ మీద ఉంది. మిలాన్‌లో," అంది.

"గోడ మీదా?" అన్నారు అత్తయ్యగారు. కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి వెళ్ళారు. "ఇంకా ఉందా?"

అన్నాళ్ళూ ఆవిడ అది అచ్చులో పుట్టిన బొమ్మే అనుకున్నారట. ఒకాయన నిచ్చెనెక్కి గోడ మీద గీశాడనీ, ఆ గోడ ఇంకా నిలబడి ఉందనీ తెలిశాక ఆవిడ రెండు రోజులు అదే మాట అన్నారు. తనకోసం ఏదీ అడిగే మనిషి కాదు. ఆ రెండో రోజు సాయంత్రం మాత్రం, "దూరమా అది?" అని అడిగారు.

అలా బయల్దేరింది ట్రిప్పు.

ఫ్లైట్లు నేను బుక్ చేశాను. యూరప్ వీసా ఫారాలు నాకూ నా భార్యకీ అత్తయ్యగారికీ నేనే నింపాను. అందులో ఒక్క అక్షరం తేడా రాలేదు. ఈ సంగతి ఏ థ్యాంక్స్‌గివింగ్‌లోనూ ఎవరూ చెప్పలేదు. ఆ బొమ్మ చూడటానికి టికెట్లు మాత్రం అన్నయ్యగారు తీసుకుంటానన్నారు. వాటికి చాలా పోటీ. ఒక్కో గుంపుకి పదిహేను నిమిషాలే టైమిస్తారు. వెబ్‌సైట్లో వదిలిన కాసేపటికే అయిపోతాయి. టికెట్ మీద ప్రతి మనిషి పేరూ రాయాలి. తలుపు దగ్గర పాస్‌పోర్ట్‌తో పోల్చి చూస్తారు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా వాళ్ళకి కొత్త కాదు, బయటివాళ్ళ కోసం చెబుతున్నాను. మా వైపు చాలామందికి రెండు పేర్లుంటాయి. బళ్ళో వేసేటప్పుడు రాయించింది ఒకటి, బాప్తిస్మం రోజున పాస్టరుగారు పెట్టింది ఒకటి. మొదటిది సర్టిఫికెట్ల మీద, ఉద్యోగంలో, పాస్‌పోర్ట్‌లో ఉంటుంది. రెండోది చర్చిలో, ఇంట్లో, పెళ్ళి కార్డు మీద ఉంటుంది. అత్తయ్యగారి కాగితం పేరు ఒక హిందూ దేవత పేరు. ఆ పేరు మార్చుకుంటే రిజర్వేషన్ పోయి, చదువుకీ ఉద్యోగానికీ ఉన్న దారి మూసుకుపోతుంది కాబట్టి మార్చుకోలేదు. అలాంటి ఇళ్ళు మా వైపు ఎన్నో ఉన్నాయి. తప్పు ఆ పేరు మోసినవాళ్ళది కాదు. కానీ చర్చిలో ఆ పేరు ఎవరూ ఎత్తరు. ఇంట్లోనూ ఎత్తరు.

నాకు ఈ సంగతి తెలుసు కాబట్టే జాగ్రత్తపడ్డాను. అత్తయ్యగారి పాస్‌పోర్ట్ పేజీ ఫోటో తీసి మా వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాను. కింద తెలుగులో రాశాను: "అన్నయ్యగారూ, అత్తయ్యగారి పేరు పాస్‌పోర్ట్‌లో ఇలా ఉంది. టికెట్ మీద ఇలాగే రాయండి." దాని కింద మా వదినగారు కోటు ఫోటోలు రెండు పెట్టి ఏది బాగుందని అడిగారు. ఎర్రదని నా భార్య రాసింది. మిలాన్‌లో అందరూ నలుపు వేసుకుంటారని వదినగారు రాశారు. ఆ తర్వాత గొడుగుల గురించి, అక్కడ సూట్‌కేసులు కొనుక్కోవడం గురించి పాతిక మెసేజ్‌లు. నా మెసేజ్ పైకి పోయింది.

ఫోన్ చేశాను. "పాస్‌పోర్ట్ పేజీ చూశారా అన్నయ్యగారూ?"

"అవన్నీ నేను చూసుకుంటాలే తమ్ముడూ. నువ్వు ప్రతిదానికీ టెన్షన్ పడతావ్."

మిలాన్ విమానాశ్రయంలో వాళ్ళవి అమెరికన్ పాస్‌పోర్ట్‌లు కాబట్టి వేరే లైను. అన్నయ్యగారు అటువైపు నుంచి మాకు చెయ్యి ఊపి వెళ్ళిపోయారు. మా లైను మలుపులు మలుపులుగా ఉంది. కౌంటర్లో కుర్రాడు అత్తయ్యగారి పాస్‌పోర్ట్ తెరిచి, ఆ పేరుని ముక్కలు ముక్కలుగా, గట్టిగా చదివాడు. ఆవిడ నిటారుగా నిలబడి, "యస్ సర్," అన్నారు, హాజరు పలికినట్టు. బయటికి వచ్చాక నాతో, "ఎన్నాళ్ళయిందో అల్లుడుగారూ, ఆ పేరు ఎవరైనా పిలిచి," అన్నారు. నవ్వుతూనే అన్నారు.

ఆ ఊళ్ళో మొదటి రెండు రోజులూ తిరుగుళ్ళే. గాజు కప్పు కింద బజారు, పెద్ద రాతి చర్చి, దాని కప్పు మీదికెక్కి ఫోటోలు. ఫోటోల్లో నేను లేను. నా మెడలో మూడు హ్యాండ్‌బ్యాగులు వేలాడుతున్నాయి, "ఒక్క నిమిషం పట్టుకోండి," అన్నారు కాబట్టి. ఆ ఫోటోల్లో ఒకటి ఫ్రేము కట్టి ఫ్రిస్కోలో హాల్లో పెట్టారు. వెళ్ళిన ప్రతిసారీ చూస్తాను.

బయల్దేరే ముందే అన్నయ్యగారు అత్తయ్యగారికి ప్యాంటూ జాకెట్టూ కొన్నారు. "అక్కడంతా ఫ్యాషన్ అత్తయ్యా. చీరలో మరీ ఆడ్‌గా ఉంటారు," అన్నారు. ఆవిడ వాటిని సూట్‌కేసులో అడుగున పెట్టుకుని తెచ్చారు, అడుగునే ఉంచారు. మంగళగిరి చీర, పైన స్వెటరు, కాళ్ళకి వాకింగ్ బూట్లు. గాజు బజారులో ఆవిడ వయసే ఉన్న ఒక ఇటాలియన్ పెద్దావిడ, జుట్టు తెల్లగా, కోటు బూడిద రంగు, మనిషి చాకులా ఉంది, ఎదురొచ్చి ఆగిపోయింది. చీర అంచు చూపించి, ముట్టుకోవచ్చా అన్నట్టు సైగ చేసింది. అత్తయ్యగారు కొంగు చేతికిచ్చారు. ఆవిడ వేళ్ళతో నేత చూసి, ఏదో పెద్ద మాట అని, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏమంటోంది?" అన్నారు అత్తయ్యగారు.

"మీ చీర ముందు మా వదినగారి నల్లకోటు దండగంటోంది," అన్నాను.

వదినగారు ఆ సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. ఇది నా తప్పే. ఒప్పుకుంటాను.

మూడో రోజు పొద్దున మా టైము. హోటల్లో టిఫిన్ దగ్గర మళ్ళీ అడిగాను. "టికెట్ ఒకసారి చూపించండి అన్నయ్యగారూ. పేరు చూస్తాను."

ఆయన బ్రెడ్డుకి వెన్న రాసుకుంటూ నా భార్య వైపు చూశారు. "ఏమ్మా, వీడు ఇంట్లోనూ ఇంతేనా? ఆడిట్ డిపార్ట్‌మెంట్?"

నా భార్య నవ్వింది. అందరూ నవ్వారు. టికెట్ ఎవరూ చూపించలేదు.

ఆ గోడ ఒక చర్చి పక్కన ఉన్న పాత భోజనశాలలో ఉంది. లోపలికి వెళ్ళే ముందు చిన్న గది, అక్కడొక బల్ల, బల్ల వెనక కళ్ళజోడుకి గొలుసు కట్టుకున్న ఆవిడ. ఒక్కొక్కరి పాస్‌పోర్టూ తీసుకుని పేరు చూసి తిరిగిచ్చేస్తోంది. అన్నయ్యగారు, వదినగారు, నేను, నా భార్య, మా అమ్మాయి, అందరివీ సరిపోయాయి. అత్తయ్యగారి పాస్‌పోర్ట్ దగ్గర ఆగింది. టికెట్ చూసింది. మళ్ళీ పాస్‌పోర్ట్ చూసింది. చాలా మర్యాదగా, చక్కటి ఇంగ్లీషులో, నాకంటే చక్కటి ఇంగ్లీషులో, ఈ టికెట్ వేరే మనిషిది అంది.

టికెట్ మీద ఉన్నది చర్చి పేరు.

"అది ఆవిడ క్రిస్టియన్ నేమ్," అన్నారు అన్నయ్యగారు. "షి ఈజ్ ద సేమ్ పర్సన్."

ఆ పేరున్న కాగితం ఏదైనా ఉందా అని అడిగింది.

మేమంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. అత్తయ్యగారు మాత్రం కంగారు పడలేదు. సంచీలో చెయ్యి పెట్టి, నల్ల అట్ట బైబిల్ తీసి, మొదటి పేజీ తెరిచి బల్ల మీద పెట్టారు. ఆవిడ బాప్తిస్మం పొందిన రోజున పాస్టరుగారు స్వయంగా రాసిచ్చిన పేజీ. పేరు, తేదీ, కింద సంతకం. అన్నీ తెలుగులో.

ఆ ఉద్యోగి ఆ పేజీని చాలాసేపు చూసింది. గుండ్రటి అక్షరాల మీద వేలు తాకీ తాకనట్టు పోనిచ్చింది. "చాలా అందంగా ఉంది. కానీ నేను దీన్ని చదవలేను," అంది. ఆవిడ కళ్ళలో నిజంగానే బాధ కనబడింది. అందుకే ఆవిడ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

అప్పుడు మాట్లాడాను. అవును, గట్టిగానే మాట్లాడాను. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి, సముద్రం దాటి వచ్చింది ఈ గోడ కోసమే, ఈ కుటుంబం మొత్తాన్నీ అడగండి, పుట్టిన తేదీ చూడండి, లేదా నా టికెట్ ఆవిడకివ్వండి, నేను బయట ఉంటాను అన్నాను. టికెట్ ఒకరి నుంచి ఒకరికి మారదంది. అయితే మీ పైవాళ్ళని పిలవండి అన్నాను. ఆవిడ ఫోన్ చేసింది. దాన్నే ధర్నా అంటున్నారు.

"తమ్ముడూ, సీన్ చేయకు. అందరూ చూస్తున్నారు," అన్నారు అన్నయ్యగారు, తెలుగులో, పళ్ళ సందు నుంచి.

"చూడనివ్వండి. మీరు పేరు చూడలేదు కదా, వాళ్ళనైనా చూడనివ్వండి."

"ఇప్పుడా అదంతా? మన టైమ్ స్టార్ట్ అయిపోతోంది."

నిజమే, లోపలి గాజు తలుపు తెరుచుకుంది. గుంపు కదిలింది. అత్తయ్యగారు బైబిల్ మూసి సంచీలో పెట్టుకున్నారు. "మీరంతా వెళ్ళండి. నేనిక్కడ కూర్చుంటాను. పాపకి చూపించండి," అన్నారు.

అన్నయ్యగారు వెళ్ళారు. వదినగారు ఒకసారి వెనక్కి చూసి వెళ్ళారు. నా భార్య కదల్లేదు. నేనే వెళ్ళమన్నాను, పాపకి చెప్పేవాళ్ళుండాలి కదా అన్నాను. తలుపు మూసుకుంది. నా టికెట్ నా చేతిలోనే ఉంది. ఈ ముక్క ఆ కథలో ఉండదు. తలుపు బయట ఇద్దరం ఉండిపోయామని ఇంతవరకూ ఏ భోజనాల దగ్గరా ఎవరూ చెప్పలేదు. పైఅధికారి అయిదు నిమిషాల్లో వచ్చాడు, నిబంధన చెప్పాడు, క్షమించమన్నాడు, వెళ్ళాడు.

బయట చర్చి ముందు బెంచీ మీద కూర్చున్నాం. ఎండ బాగుంది. ట్రాము ఒకటి వెళ్ళింది.

"మీరెందుకు ఆగిపోయారు?" అన్నారు అత్తయ్యగారు.

"నాకు బొమ్మల మీద అంత ఇంట్రస్టు లేదండీ."

"అబద్ధాలు ఆదివారమైనా మానండి."

ఆ రోజు ఆదివారమని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడే మళ్ళీ అన్నారు. "చిన్నప్పుడు ఆ పటంలో కంచాలు లెక్కపెట్టేదాన్ని. ఎప్పుడూ తేలేది కాదు. అచ్చు సరిగ్గా పడలేదేమో. అసలు దాంట్లో ఎన్నున్నాయో చూద్దామనుకున్నా." సంచీ ఒళ్ళోకి తీసుకున్నారు. "ముప్పై ఏళ్ళు బళ్ళో నన్ను ఆ పేరుతోనే పిలిచారు. పిల్లలకి టీచరుగారి పేరంటే అదే. ఆ పేరు మీద వచ్చిన జీతంతోనే ఇద్దరాడపిల్లల్నీ చదివించాను. ఇంట్లోనే ఎవరికీ నోరు రాదు."

ఆవిడ ఎవరినీ నిందించలేదు. నేను నిందిస్తున్నాను. నా పేరూ కలుపుకునే నిందిస్తున్నాను. నా పెళ్ళి కార్డు ప్రూఫు చూసింది నేనే. ఆ కార్డులో అత్తయ్యగారిది చర్చి పేరు మాత్రమే ఉంది. రెండూ వేద్దామని నాకు తోచలేదు. కానీ నేను ఆ తర్వాతైనా నేర్చుకున్నాను.

పావుగంటకి వాళ్ళు బయటికి వచ్చారు. మా అమ్మాయి పరిగెత్తుకొచ్చి అమ్మమ్మ ఒళ్ళో మొహం పెట్టుకుంది. "అమ్మమ్మా, నీకు టూ నేమ్స్ ఎందుకు? వన్ ఉంటే నువ్వు కూడా వచ్చేదానివి," అంది. అన్నయ్యగారు ఫోన్ తీసి, "ఇదిగో అత్తయ్యా, జూమ్ చేసి చూడండి. నిజం చెప్పాలంటే లోపల కంటే ఇందులోనే క్లియర్‌గా ఉంది," అన్నారు.

ఆవిడ ఫోన్ అందుకుని చూశారు. "బాగుంది బాబూ," అని తిరిగిచ్చేశారు. జూమ్ చేయలేదు. కంచాలు లెక్కపెట్టలేదు.

ఆ 'బాగుంది బాబూ' నేను మరిచిపోలేదు. నా భార్య అంటుంది, "మూడేళ్ళయింది, వదిలేయండి. అమ్మే వదిలేసింది." అత్తయ్యగారు వదిలేశారు కాబట్టే నేను వదలకూడదు. అందరూ వదిలేస్తే, పేరు తప్పు రాసిన మనిషి కథలో గొప్పవాడు, తలుపు దగ్గర అడిగినవాడు జోకరు.

ఇంకోటి ఉంది. గ్రూప్‌లో మనం పెట్టిన మెసేజ్ ఎవరు ఎప్పుడు చదివారో తెలుసుకోవచ్చు. ఇంటికి తిరిగొచ్చిన వారం రోజులకి చూశాను. పాస్‌పోర్ట్ పేజీ పెట్టిన పావుగంటలోనే అన్నయ్యగారు చదివారు. టికెట్లు బుక్ చేసింది ఆ తర్వాత తొమ్మిది రోజులకి. అంటే తెలియక రాయలేదు. ఆ దేవత పేరుని తన ఫోన్లో, తన టికెట్లలో, చర్చి పెద్దగా తన వేళ్ళతో టైపు చేయడం ఆయనకి ఇష్టం లేకపోయింది. నేను అలా అనుకుంటున్నాను. కాదంటే కాదని చెప్పమని రెండుసార్లు అడిగాను. చెప్పలేదు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, పోయిన వారం అన్నయ్యగారు గ్రూప్‌లో ప్రకటించారు. వచ్చే వసంతంలో మళ్ళీ మిలాన్. "ఈసారి అత్తయ్యకి బొమ్మ గ్యారంటీ. అందరికీ టికెట్స్ డన్," అని రాశారు. వదినగారు చప్పట్ల ఎమోజీ పెట్టారు. నా భార్య దండాలు పెట్టింది. నేను అడిగాను: "అత్తయ్యగారి టికెట్ ఏ పేరు మీద తీశారు?" జవాబు రాలేదు. మర్నాడు మళ్ళీ అడిగాను. ఆయన ఒక రెస్టారెంటు ఫోటో పెట్టారు.

అత్తయ్యగారు ఇప్పుడు మా దగ్గరే ఉన్నారు. మోకాళ్ళు మునుపటిలా లేవు. మెయిల్ బాక్సుల దాకా నడిచి, అక్కడి గట్టు మీద కూర్చుని, ఊపిరి తీసుకుని వెనక్కి వస్తారు. మొన్న డాక్టరు ఆపరేషన్ మాట ఎత్తాడు. అంత దూరం ఇంకోసారి ప్రయాణం చేయగలరు, అంతే. మూడోసారి ఉండదు. ఈ సంగతి ఇద్దరు కూతుళ్ళకీ తెలుసు. నోటితో అనరు. ఆవిడ మాత్రం బూట్లు ఇప్పుడే కొనుక్కున్నారు. ఇంట్లో తొడుక్కుని అటూ ఇటూ నడుస్తున్నారు, అలవాటు కావాలని.

నన్ను జోకర్ని చేసినందుకు క్షమాపణ అక్కర్లేదు. బ్యాగులు మళ్ళీ నా మెడలోనే వేయండి. ఫోటోలో నన్ను మళ్ళీ వదిలేయండి. ఫ్రిస్కోలో మీ ఇష్టమొచ్చినట్టు చెప్పుకోండి. కానీ ఆ బల్ల దగ్గర ఆవిడ చేత మళ్ళీ బైబిల్ తీయించడానికి నేను ఒప్పుకోను.

అన్నయ్యగారూ, ఇది మీరు చదువుతారని నాకు తెలుసు. ఎవరో ఒకరు మీకు ఫార్వర్డ్ చేస్తారు. కాబట్టి అందరి ముందూ అడుగుతున్నాను. పేరు మార్పించుకోవడానికి ఇంకా టైముంది. ఆ టికెట్ తెరవండి. అత్తయ్యగారి పేరు రాయాల్సిన గడిలో ఏ పేరు రాశారు? చూసి, ఆ పేరు పూర్తిగా, గ్రూప్‌లో, ఆవిడ కూడా చదివేలా రాయండి. ఈసారి నాకు జవాబు కావాలి.